బొగ్గు బటన్‌కు నాలుగు ఫంక్షన్లు

మనిషి నిప్పును కనిపెట్టాక, దాన్ని మరొకరి అనుమతితో రాజేసుకునే స్థాయికి ఎదగడాన్నే నాగరికత అంటారు. ఆ లెక్కన నారిన్ పట్టణం చాలా ముందుంది. అక్కడ చలికాలానికి బొగ్గు కావాలంటే వెచ్చదన శాఖవారి వెబ్ పేజీ తెరిచి, "బొగ్గు కావాలి" అన్న బటన్ నొక్కాలి.

ఆ బటన్‌ను శాఖలో ప్రోగ్రామరుగా పనిచేసే నుర్జాత్ చేసింది. బటన్ అన్నది వట్టి బొమ్మ. నొక్కితే ఏం జరగాలో చెప్పే ఫంక్షన్ ఒకటి దానికి తగిలించాలి. (ఫంక్షన్ అనగానే భోజనాలు గుర్తొస్తే తప్పు మీది కాదు, ఇందులో అవి ఉండవు.) ఆమె ఒక్కటే తగిలించింది: విన్నపాన్ని బొగ్గు గోదాముకు పంపేది.

అది చూసి శాఖాధిపతి ఎసెంగుల్ నొచ్చుకున్నాడు. ఆయన్ని ఆఫీసంతా 'బైకే' అని, అన్నగారిగా పిలుస్తుంది.

"ఇంత పెద్ద శాఖకి ఒక్క ఫంక్షనేనా అమ్మాయ్? పైవాళ్లేమనుకుంటారు?"

"బొగ్గు వెళ్తుంది కదా బైకే."

"బొగ్గుదేముంది, ఎవరైనా పంపుతారు. మర్యాదంటూ ఉండొద్దూ?"

మర్యాద కోసం ధన్యవాద విభాగం ఒక ఫంక్షన్ తగిలించింది. నొక్కినవారు శాఖకు కృతజ్ఞత తెలిపినట్టవుతుంది. అభిప్రాయ విభాగం మరొకటి తగిలించింది (జవాబు "అద్భుతం" అని ముందే నింపి ఉంటుంది). పని ముగిసిన పౌరుణ్ణి పేజీలోంచి బయటికి పంపేది భద్రతా విభాగానిది. ఇవన్నీ తగిలించిన వరసలోనే నడుస్తాయి గనుక, వరసను హోదాల ప్రకారం సవరించారు. గోదాముది అన్నిటికంటే చిన్న హోదా. అది చివరికి చేరింది. బయటికి పోయిన మనిషి విన్నపాన్ని గోదాము తీసుకోదు. నుర్జాత్ ఈ సంగతి చెప్పబోతే, సమావేశం ముగిసిందన్నారు.

మంచు పడ్డాక నుర్జాత్ పక్కింటి ముసలావిడ కల్బుబు ఎజే (ఎజే అంటే అక్కగారు) బొంత కప్పుకుని వచ్చింది.

"నీ బటన్ మెచ్చుకోమంది, మెచ్చుకున్నాను. బయటికి పొమ్మంది, పోయాను. బొగ్గేదే నుర్జాత్?"

"పొయ్యిలో ఏం వేస్తున్నారు ఎజే?"

"నిన్న కుర్చీ వేశాను. ఇవాళ టీ నిలబడి తాగాను."

నుర్జాత్ వెంటనే కోటు తొడుక్కుంది. ఆఫీసుకు వెళ్లి, ఎవరికీ చెప్పకుండా, గోదాము ఫంక్షన్‌ను వరసలో అన్నిటికంటే పైకి జరిపింది. ఈ పనంతా కోటు విప్పేసి చేసింది. (ఆఫీసులో హీటరు బ్రహ్మాండంగా పనిచేస్తోంది.)

ఆ వారంలోనే ఎసెంగుల్ ముఖం పాలిపోయి పరుగెత్తుకొచ్చాడు.

"కొంప మునిగింది! బొగ్గు చేరుతోందట!"

"ఎవరికి బైకే?"

"అడిగినవాళ్లకే!"

విచారణ సంఘం కూర్చుంది. బొగ్గు ఇవ్వడంలో సంఘానికి తప్పేమీ కనబడలేదు. అయితే అది కృతజ్ఞత కంటే ముందు వెళ్లింది కనుక, పుచ్చుకున్నవారంతా కృతఘ్నులని తేలింది. పాత వరస పునరుద్ధరించారు. నుర్జాత్‌ను బటన్లకు రంగులు వేసే పనికి మార్చారు. ఇచ్చిన సరుకు వెనక్కి తెమ్మని లారీని పంపారు.

నుర్జాత్ గుమ్మంలో నిలబడి చూస్తూండగా ఆ లారీ కల్బుబు ఇంటిముందు ఆగింది.

"కాలిపోయింది నాయనా," అంది ముసలావిడ.

"ఉన్నదే ఇవ్వండి," అన్నాడు లారీతో వచ్చిన అధికారి.

బూడిద గోతాలకెత్తి, సరుకు అందిందని రాసుకున్నారు. పొయ్యి శుభ్రం చేసిపెట్టినందుకు ఆమెచేత విడిగా కృతజ్ఞతలు చెప్పించుకున్నారు.