ఆరో తరగతి బి సెక్షన్‌లో ముత్యాలమ్మ హాజరు

బందరు ఊరి చివర, మంగినపూడి రోడ్డులో ఉన్న మా ఉన్నత పాఠశాల జిల్లాకే ఆదర్శమని ఇందుమూలంగా తెలియజేయడమైనది. బడి పేరు చెప్పం; చెబితే మిగతా బళ్లవాళ్లు నొచ్చుకుంటారు. 2001లో హాజరు పట్టీలన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించాక, ఒక్క రోజైనా మానకుండా ఎక్కువ కాలం బడికి వచ్చిన విద్యార్థి ఎవరని అధికారులు ఆ యంత్రాన్ని అడిగారు. అది తడుముకోకుండా చెప్పింది: ముత్యాలమ్మ, ఆరో తరగతి బి సెక్షన్, ఇరవై ఏడేళ్లు.

ఆ సమయానికి ముత్యాలమ్మ మంగినపూడి దగ్గర తన ఇంటి ముందు కూర్చుని చందువా చేపలు గంపలో సర్దుకుంటోంది. ఆమెకి ముప్పై ఎనిమిదేళ్లు. పెద్దకూతురికి పెళ్లి కూడా చేసేసింది. తనింకా ఆరో తరగతిలోనే ఉన్న సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు.

సంగతేమిటంటే, 1974లో ఆమె ఆరో తరగతిలో చేరి రెండు నెలలు చదివింది. తర్వాత వాళ్లమ్మ చేతిలో పుస్తకాలు తీసేసి నెత్తిన గంప పెట్టింది. ఆ రోజు ఆ పిల్ల రోడ్డు పొడుగునా ఏడ్చింది. బడి మాత్రం ఆమెని వదులుకోలేదు. పేరు కొట్టేస్తే పిల్లల లెక్క తగ్గుతుంది, లెక్క తగ్గితే సెక్షన్ పోతుంది, సెక్షన్ పోతే ఒక మాస్టారు బదిలీ మీద హంసలదీవి దాకా వెళ్లాలి. అంత పాపం మూటగట్టుకోవడం ఇష్టంలేక, ఏటా కొత్త పట్టీలోకి పాత పేర్లన్నీ ఎక్కించి వరసగా హాజరు వేస్తూ వచ్చారు. ఉప్పెన వచ్చిన ఏడాది బడి పైకప్పు ఎగిరిపోయింది గానీ ముత్యాలమ్మ హాజరు చెక్కుచెదరలేదు. పెళ్లినాడూ బడికి వచ్చింది. ముగ్గురు పిల్లల్ని కన్న మూడు రోజులూ వచ్చింది. అంత శ్రద్ధ ఈ రోజుల్లో ఎవరికుంటుంది చెప్పండి.

పురస్కారం ఇవ్వడానికి ముఖ్య అతిథి స్వయంగా వస్తున్నారని ఉత్తరం అందగానే, హెడ్మాస్టరు గోవర్ధనరావు గారు ఆటో మాట్లాడుకుని మంగినపూడి వచ్చారు. చేపల కోసం కాబోలనుకుని ముత్యాలమ్మ గంప మీది గుడ్డ తీసింది.

"చేపలు కాదమ్మాయ్. నువ్వు మా విద్యార్థినివి. శుక్రవారం సభకి రావాలి."

"నేను బడి మానేసి ఇరవయ్యేడేళ్లయిందండి."

"మానేసింది నువ్వు. మేం మాన్పించలేదుగా."

ముత్యాలమ్మకి ఈ మాటలో న్యాయం కనిపించింది. అయితే ఆమె ఊరికే కదిలే మనిషి కాదు. గంప వాసనొస్తోందని బందరు బస్సు కండక్టరు రోజూ ఆమెని మెట్టు మీదే ఆపేస్తున్నాడు. బడిపిల్లలకి పాసు ఉంటుందని, పాసున్నవాళ్లని ఎక్కనివ్వక తప్పదని ఆమె విని ఉంది.

"మరి బస్సు పాసు ఇప్పిస్తారాండీ?"

"చదువుకునే పిల్లవి, అది నీ హక్కమ్మా," అన్నారాయన, ప్రాణం కుదుటపడి.

సభ దివ్యంగా జరిగింది. నీలం చీర, తెల్ల జాకెట్టు, రెండు జడలు, ఎర్ర రిబ్బన్లతో ముత్యాలమ్మ వేదిక ఎక్కింది. కింద కూర్చున్నవాళ్లలో సగంమంది ఆ పొద్దున ఆమెతో బేరమాడి చేపలు కొన్నవాళ్లే. ఒక్కరూ నవ్వలేదు. ముఖ్య అతిథి తల ఎత్తకుండా కాగితం చదివారు: "ఈ చిన్నారి నేటి బాలలకు మార్గదర్శి. ఇటువంటి క్రమశిక్షణే మన రాష్ట్రాన్ని ప్రపంచపటంలో నిలబెడుతుంది. చెప్పు పాపా, పెద్దయ్యాక ఏమవుతావు?"

"ఏడో తరగతికి వెళ్తానండి," అంది ముత్యాలమ్మ.

చప్పట్లు అయిదు నిమిషాలు మోగాయి. పాసు కాగితంలో పుట్టినతేదీ ఉండాల్సిన చోట హెడ్మాస్టరు గారు చుక్కలు పెట్టి, కింద సంతకం చేశారు.

సోమవారం పొద్దున, ఈ గంపే నా పుస్తకాల సంచి అని వాదించి ముత్యాలమ్మ ముందు సీట్లో కూర్చుంది. కండక్టరేమన్నా తక్కువ తిన్నాడా? బడి దగ్గర విజిలేసి, "దిగమ్మా, పాసు బడి వరకే," అన్నాడు. చేపల మార్కెట్టు ఇంకా మూడు కిలోమీటర్లుంది. చేసేది లేక గంపని సైకిల్ షెడ్డులో దించి, లోపలికి వెళ్లి ఆరో తరగతి బి సెక్షన్‌లో చివరి బెంచీ మీద కూర్చుంది. అన్నం గంట కొట్టాక సరుకంతా టీచర్లే కొనేశారు. ఏర్పాటు అందరికీ బాగానే ఉంది.

చిక్కల్లా తరగతిలో వచ్చింది. పట్టీలో నలభై మంది ఉన్న ఆ గదిలో తొమ్మిది మంది పిల్లలున్నారు. మాస్టారు లేరు. మర్నాడూ లేరు. బోర్డు మీద ఎవరో ఎప్పుడో సగం చేసి వదిలేసిన లెక్క ఉంది. దాన్ని చూస్తుంటే ముత్యాలమ్మకి చిన్నప్పుడు తను ఏడ్చింది దీనికోసమే కదా అనిపించింది. పాసు సంగతి ఎలా ఉన్నా, మిగతా సగం ఎవరైనా చెబితే వినాలని పట్టుదల పుట్టింది. వారం రోజులు ఓపిక పట్టి హెడ్మాస్టరు గదికి వెళ్లింది.

"మా మాస్టారు ఎప్పుడొస్తారండీ?"

"వెంకటపతి గారా? వచ్చే ఉన్నారమ్మా," అంటూ ఆయన టీచర్ల హాజరు పట్టీ తెరిచి చూపించారు. పందొమ్మిదేళ్లుగా వెంకటపతి గారు ఒక్క రోజు మానలేదు.

"అంటే, ఇన్నాళ్లూ నేనొచ్చినట్టే ఆయనా వచ్చారాండీ?"

గోవర్ధనరావు గారికి ప్రశ్న అర్థమైంది. అర్థం కానట్టు పట్టీ మూసేశారు.

తర్వాత నాగాయలంక దగ్గర రొయ్యల చెరువుల మీదున్న వెంకటపతి గారికి ఫోన్ చేశారు. పాపం, ఆయన చాలా బాధపడ్డారు. "పందొమ్మిదేళ్లుగా మా ఇద్దరి మధ్యా ఒక్క పొరపొచ్చం లేదండీ. ఆవిడ రావట్లేదని నేనెప్పుడైనా అన్నానా? ఇప్పుడు నన్నెందుకు రమ్మంటోంది?" అన్నారు.

అందుచేత ఇకమీదట ముత్యాలమ్మ విషయంలో నిబంధనలు కచ్చితంగా పాటించాలని నిర్ణయించడమైనది. ఆ రోజు నుంచి నలభై మందిలో ఆమె ఒక్కదాని పేరే నిజంగా పిలిచారు. చేపలు బాగా పడ్డ రోజుల్లో ఆమె రాలేదు, రాలేదనే వేశారు. మూడు నెలలకి అరవై రెండు శాతం తేలింది. డెబ్భై అయిదు లేకపోతే పేరు తీసెయ్యాలి. ఈ నిబంధన మా బడిలో ఒకరికి వర్తించడం అదే మొదలు.

దీనికోసం తల్లిదండ్రుల కమిటీని పిలిచారు. అధ్యక్షురాలు మాణిక్యమ్మ గారు వచ్చి కూర్చున్నారు.

"రానన్నాళ్లూ ఉంచుకుని, వస్తుంటే పొమ్మంటారేంటండీ?" అంది ముత్యాలమ్మ. ఆమెకి ఏడుపొచ్చింది.

"నీ మీద కోపమా ముత్యాలూ? నువ్వు రోజూ మాస్టారేరీ, మాస్టారేరీ అంటుంటే రేపు మా పిల్లలూ అంటారు, అప్పుడు వాళ్ల పేర్లూ కొట్టేస్తారు. మేం పిల్లలున్నవాళ్లం, మా బాధ కూడా చూడాలి," అన్నారావిడ, చెయ్యి పట్టుకుని.

పాసు అక్కడే తీసేసుకున్నారు. పేరు కొట్టేయాలన్న తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ఆ గదిలో ఉన్నది మొత్తం ముగ్గురు: హెడ్మాస్టరు గారు, మాణిక్యమ్మ గారు, ముత్యాలమ్మ. తీర్మానాల పుస్తకంలో మాత్రం తల్లిదండ్రులందరూ హాజరై, అందరూ సంతకాలు చేశారు. మీ పిల్లలూ మా బడిలోనే చదువుతుంటే అందులో మీ సంతకం కూడా ఉంది. అది మీరు పెట్టలేదని మాకు తెలుసు. ఇదేమిటని అడగడానికి మీరు రారనీ తెలుసు. రాకపోయినా ఫర్వాలేదండి, మీకూ హాజరు వేసేశాం.