గంధమా, మీగడా?

సోమవారం ఆఫీసుకు వెళ్ళేలోపు ముందుగది రంగు తేల్చేయాలని ధవళేశ్వరంలో సూర్యప్రకాశం దంపతులు అనుకున్నారు. గంధం రంగా, మీగడ రంగా? పెయింటర్ అబ్బులు ముందురోజే గోడ మీద పక్కపక్కన రెండు పట్టీలు వేసి వెళ్ళాడు.

"ఎడమది గంధం, కుడిది మీగడ. మీగడే కంటికి చల్లగా ఉంది కదండీ?" అంది భార్య సీతారామలక్ష్మి.

ఆయనకు రెండూ ఒకేలా కనిపించాయి. కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. ఒక కన్ను మూసి చూశాడు. ఇంతలో కరివేపాకు కోసం వచ్చిన పక్కింటి నాగదుర్గ, మీగడలో కాస్త గులాబీ ఛాయ కూడా ఉందని చెప్పింది. మేడమీదివాళ్ళు దిగివచ్చి, గంధమే హుందాగా ఉందన్నారు.

సూర్యప్రకాశానికి తన కళ్ళ మీదే అనుమానం వచ్చింది. ఇరిగేషన్ ఆఫీసులో కాలువల పటాలకు రంగులు వేసేది ఆయనే. పంటకాలువకు నీలం, మురుగుకాలువకు ఆకుపచ్చ. ఇన్నేళ్ళూ ఏది దేనికి వేశాడో!

ఆఫీసుకు వెళ్ళి, పెన్సిల్ చూపించి ఇది నీలమేనా అని పక్కసీటు కిరణ్ కుమార్‌ని అడిగాడు. అతను జాలిగా చూసి, ఆఫీసరుతో చెప్పి సెలవిప్పించాడు. సూర్యప్రకాశం భోజనం కూడా మానేసి రాజమండ్రిలో కంటి డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. చుక్కలూ అంకెలూ అన్నీ చదివించి, కళ్ళు భేషుగ్గా ఉన్నాయన్నాడు డాక్టరు. దాంతో ఆయనకు భయం పోలేదు, మెదడు మీదికి మళ్ళింది.

ఇంటికొచ్చేసరికి ముందుగదిలో వీధి సగం ఉంది. గంధంవాళ్ళు సోఫాలో, మీగడవాళ్ళు కుర్చీల్లో. గుమ్మంలో కొత్త డబ్బాతో అబ్బులు బిత్తరపోయి నిలబడ్డాడు.

"మీగడ రంగు ఇప్పుడే దొరికిందండి," అన్నాడు. "నిన్న రెండు చోట్లా గంధమే వేశానండి. లప్పం పెట్టి నునుపు చేసిన చోట, పెట్టని చోట ఒకేలా పడుద్దో లేదో చూద్దామని."

నాగదుర్గకు పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. మిగతావాళ్ళకూ ఏవేవో పనులు గుర్తొచ్చాయి.

భార్య మాత్రం గోడ వంక చూస్తూ, "అయినా కుడిదే బాగుందండీ," అంది.

సూర్యప్రకాశం ఆ రోజు మొదటిసారి మనసారా నవ్వాడు. ఇక ఏ గొడవా వద్దని పెయింట్ షాపుకు ఫోన్ చేసి, తెలుపు పంపమన్నాడు.

"ఏ తెలుపండీ?" అన్నాడు షాపతను.

ఆయన ఫోను భార్య చేతికిచ్చాడు.