కారుకు ఊపిరాడాలి కదా!

ఇలా దగ్గరికి జరగండర్రా, చెవి ఇటు పడేయండి. ఇంటికో స్పోర్ట్స్ కారు ఉండాల్సిందే! అందులో పెట్రోలు మానేసి ఇథనాల్ పోయాల్సిందే! కాదన్నవాళ్లు మా ఇంట్లో నాలుగు రోజులుండి అప్పుడు మాట్లాడండి.

మా మనవరాలికి ఆయాసం పట్టుకుంది. మెట్టెక్కితే చాలు, గొంతులో ఈల. "ఏమండీ, ఒక్కసారి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లరూ" అంటే, "కారు ట్యూనింగ్ కానీ, జుమ్మని తీసుకెళ్తా" అంటాడు దాని మొగుడు. అడిగిన ప్రతిసారీ ఇదే పాట. పోనీలెండి, కారు వల్ల ఒనగూరిన మేళ్ల ముందు ఆయాసమెంత?

మా మనవరాలి మొగుడు సిగరెట్టు ముట్టడు, మందు ముట్టడు. ఆ లోటు కారు తీరుస్తోంది. ఇథనాల్ అంటే ఏమనుకున్నారు? మందులో ఉండే సరుకే! పొద్దున్నే స్టార్ట్ చేశాడంటే పక్కింటాయన గోడ మీంచి తలపెట్టి, ముక్కు ఎగబీల్చి, నావంక జాలిగా చూస్తాడు. "మావాడు కాదు బాబూ, కారు తాగింది" అంటాను. ఇరుగుపొరుగుతో ఇంత పలకరింపు ఇదివరకెప్పుడైనా ఉందా?

చలిపొద్దుల్లో అది ఓ పట్టాన లేవదు. అందరం వెనక చేరి తోస్తాం. నా మోకాళ్ల నొప్పులు ఎటు పోయాయో! పెట్రోలు కంటే ఎక్కువ తాగుతుంది గనక ఇంటి నుంచి బంకుకు, బంకు నుంచి ఇంటికి. దారి తప్పే భయమే లేదు!

"అమ్మమ్మగారూ, దీనికి టర్బో లేదు. గాలిని ఎవరూ బలవంతంగా కుక్కరు. దాని ఊపిరి అదే పీల్చుకుంటుంది" అంటాడు, పసిబిడ్డను చూసినట్టు చూస్తూ. ఆ ఊపిరికి అడ్డం రాకూడదని పైపులు మార్చాడు. బరువు తగ్గాలని పక్కసీటు పీకేశాడు. ఇంతా చేస్తే పెరిగిన బలం పది గుర్రాలట. మేత అడగవు, పేడ వేయవు. ఇంకేం కావాలి?

ట్యూనింగంటే, లాప్‌టాప్ పెట్టుకుని లోపల నిప్పు ఎప్పుడు అంటుకోవాలో సరిచేయడం. నిప్పు తొందరపడితే ఇంజన్ టకటక కొట్టుకుంటుందట. అది పట్టడానికి ఇంజన్‌కు బట్టల క్లిప్పంత మైకు తగిలించి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటాడు. ఇక ఇల్లు కూలినా వినపడదు.

మొన్న అతగాడు లాప్‌టాప్‌లో తలదూర్చి ఉండగా, ఆ మైకు పీకి మనవరాలి స్వెట్టరుకు తగిలించాను.

"అమ్మమ్మా, ఏంటిది?"

"నోర్మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చవే."

పీల్చింది. అతగాడి ముఖం తెల్లగా పాలిపోయింది!

"అయ్యో, ఎక్కడో గాలి లీకవుతోంది! దానికి ఊపిరందడం లేదు! ఇప్పుడే తీసుకెళ్లాలి, ఆలస్యమైతే ప్రాణం పోతుంది!"

లీకు ఎక్కడుందో చూద్దామని వైరు పట్టుకుని తడుముకుంటూ వచ్చాడు. వైరు చివర పెళ్లాం!

"ఎప్పట్నించే ఇలా?" అన్నాడు, హెడ్‌ఫోన్లు తీసేస్తూ.

"మీరు ఇథనాల్ పోసినప్పట్నించి" అంది పిల్ల.

పక్కసీటు బిగించేదాకా ఆగుతానా? టాక్సీ పిలిచాను. దారంతా పెళ్లాం వీపుకు చెవి ఆనించి విన్నాడట. డాక్టర్ మందిచ్చాడు, ఈల తగ్గింది.

కాబట్టి తల్లుల్లారా, ఇది మరిచిపోకుండా నలుగురి చెవినా వేయండి. మొగుడికి కారు పిచ్చి పట్టిందని దిగులు పడకండి. వాళ్ల చెవులు దివ్యంగా పనిచేస్తాయి. మైకు ఎవరికి తగిలించాలో మనం చూసుకోవాలి, అంతే!