పొడపత్రి చెప్పిన తీర్పు

పెద్దపల్లి సాలెవాడకు సిద్దిరాములు కులపెద్ద. ఇరవై ఏండ్లలో ఆయన తీర్పు ఒక్కటీ తిరగబడలేదు. తిరగబడినది ఆయన ఒంట్లోని చక్కెర ఒక్కటే. డాక్టరు రోజూ సూది పొడవాలన్నాడు. సూదితో బతికేది దర్జీలని, తాము మగ్గం వాళ్లమని సెలవిచ్చి, సిద్దిరాములు ఆసిఫాబాద్ సంత నుంచి పొడపత్రి ఆకు మూటెడు తెప్పించుకున్నాడు.

1957లో మార్కండేయస్వామి పండుగనాడు పొద్దున ఆయన సంకల్పం సులువైనదే: స్నానం, పూజ, నాలుగాకులు నమలడం, తరువాత పరమాన్నం రుచి చూడడం. కులపెద్ద రుచి చూసి తలూపితేనే వడ్డన మొదలవడం వాడకట్టు ఆచారం. సాటి పెద్దలు ముగ్గురికీ ఆయన తలా నాలుగాకులు పంచాడు. రోగం రాకముందే మందు మింగడం పెద్దమనుషుల లక్షణం.

పరమాన్నం నోట పెట్టి, చప్పగా ఉందన్నాడు. వంట చేసే బాలమల్లు ఒక బెల్లం గడ్డ వేశాడు. మళ్లీ చప్పనే. మరో గడ్డ. ఎదురు చెప్పడం కంటే బెల్లం వేయడం మేలని తలచిన బాలమల్లు అలా వేస్తూనే పోయాడు; అయిదోసారికి గుండిగలో గరిటె నిటారుగా నిలబడింది.

"నీ తప్పు గాదు బాలమల్లూ, బెల్లంలనే మన్ను కలిసింది" అని సిద్దిరాములు నిర్ధారించాడు.

బెల్లం అమ్మిన లక్ష్మీరాజం సేటును పిలిపించారు. ఆయన ఒక్క ముద్ద తిని, చెంబెడు నీళ్లు తాగాడు.

"పెద్దయ్యా, జర నా మాట ఇనుండ్రి. గిది తియ్యగ లేదంటె లోకంలనే తీపి లేనట్టు."

పెద్దలు ముగ్గురూ రుచి చూసి, ఏకగ్రీవంగా మన్నే అన్నారు. ఇకమీదట సాలెవాడ మనిషెవడూ సేటు దుకాణం గడప తొక్కరాదని తీర్పయింది.

సిద్దిరాములు భార్య కమలవ్వ వేలితో ఇంత నాకి చూసి, మొగుణ్ణి మగ్గం చాటుకు పిలిచింది.

"తీపి గుండిగలనే ఉన్నదయ్యా. సచ్చింది నీ నాలికె. నిన్న నేను గా ఆకు నమిలి చాయ తాగిన, ఉడుకునీళ్ల లెక్క ఉండె."

సిద్దిరాములు మగ్గం గుంత అంచున కూలబడ్డాడు. "గీ ముచ్చట బయటవడితె నా మాట ఎవడింటడే? ఇరవై ఏండ్ల తీర్పులన్నీ తిరగదోడుతరు."

కమలవ్వ ఆయన వంక చూసింది. విస్తళ్ల ముందు కూర్చోబోతున్న రెండు వందల మంది వంక చూసింది. మనుషులెవ్వరూ మింగలేని ఆ పరమాన్నం వంక చూసింది.

"ఆకుల మూట యాడ వెట్టినవ్?" అని మాత్రం అడిగింది.

చేతులు కడుక్కునే చోట నిలబడి, స్వామివారి పత్రి అని చెబుతూ ఆమె అందరికీ తలా నాలుగాకులు నమిలించింది. గుండిగ ఖాళీ అయింది. పుట్టి బుద్ధెరిగాక ఇంత చప్పటి పరమాన్నం తినలేదని పిల్లా పెద్దా ముక్తకంఠంతో చెప్పారు. ఒక్క తీర్పుకు రెండు వందల సాక్ష్యాలు అంతకుముందెన్నడూ రాలేదు.

సంతోషం పట్టలేక సిద్దిరాములు లక్ష్మీరాజం సేటును నిండు సభలో క్షమించాడు. చేయని తప్పుకు అంతకు మించిన న్యాయం ఆ తాలూకాలో దొరికేది కాదు.