ముప్ఫై ఆరు జట్టుతో ఎనభై నాలుగు జట్టు

ఆడకుండా ఆడే బేస్‌బాల్‌ని మించిన ఆట భూమ్మీద లేదు! నవ్వకండి. అయోవాలోని మా వెండెల్‌లో అరవై ఏళ్ళు బతికినవాణ్ణి, తెలిసే చెబుతున్నాను.

మా వెర్న్ తన బార్‌లో కూర్చుని, ఊరి జట్ల పాత స్కోరు పుస్తకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఏ ఏటి జట్టుకైనా ఏ ఏటి జట్టుతోనైనా తెర మీద పోటీ పెట్టొచ్చు. శనివారానికో మ్యాచ్ చొప్పున టోర్నమెంటు నడుపుతున్నాడు. ఎంత సుఖం! వాన రాదు. మోకాలు పట్టేయదు. 1936 నాటి ఎమెట్ క్రౌజ్ శ్మశానంలో పడుకుని యాభై ఏళ్ళయింది. అయినా సెమీఫైనల్లో చివరిదాకా బంతులేశాడు, ఒక్కసారి భుజం నొప్పి అనలేదు. బతికున్నవాళ్ళలో ఇంత క్రమశిక్షణ చూశారా?

పైగా మనసుకి ఉచిత వైద్యం. నేను 1984 జట్టులో ఫీల్డర్ని. ఆఖరి మ్యాచ్‌లో అరచేతిలోకి వచ్చిన బంతిని వదిలేశాను. అది కొట్టినవాడి గొప్పా, వదిలినవాడి తప్పా అని తేల్చి రాయడం స్కోరరు పని. అప్పుడూ ఇప్పుడూ మా ఊరి స్కోరరు లోర్నా పెద్దమ్మే. ‘తప్పు’ అని రాసింది. ఆ ఒక్క మాటను కంప్యూటర్ ఎంత శ్రద్ధగా చదువుకుందో, శనివారం శనివారం నా చేత బంతి వదిలిస్తోంది. ఇన్నాళ్ళూ ఆ పని నా మనసొక్కటే చూసుకునేది. అలిసిపోయింది, పాపం!

మొన్న శనివారం ఫైనల్. ముప్ఫై ఆరుతో మా ఎనభై నాలుగు. బార్ నిండా నలభైమంది. ఇక ఉండబట్టలేక పెద్దమ్మ బల్ల దగ్గరికి వెళ్ళాను.

“ఆరోజు ఎండ కళ్ళలో పడింది పెద్దమ్మా. కాస్త మార్చి రాయకూడదూ?”

“నలభై ఏళ్ళుగా అదే ఎండా, డెల్బర్ట్?” తొంభై ఏళ్ళ మనిషి, వేయించిన ఉల్లి చక్రం నములుతూ అంది. “పెన్సిల్ రాతే. చెరిపేస్తా. ముందు ఒక్క బంతి పట్టి చూపించు.”

గడ్డంతో కిటికీ వైపు చూపించింది. అవతల మైదానంలో మా ఊరి ఇప్పటి జట్టు. ఏడుగురు! తొమ్మిదిమంది లేకపోతే మ్యాచ్ రద్దు. పొరుగూరివాళ్ళు గ్లవ్‌లు నెత్తిన పెట్టుకుని ఎదురుచూస్తున్నారు.

“వెళ్ళరా, నీతో ఎనిమిది,” అన్నాడు వెర్న్, తెర మీంచి చూపు తిప్పకుండా.

“నీతో తొమ్మిది. లే,” అంది పెద్దమ్మ. “చచ్చినవాళ్ళకి నీ కాపలా ఎందుకురా? వాళ్ళే ఆడుకుంటారు.”

మా ఇద్దరి అవస్థ చూడ్డానికి నలభైమందీ గ్లాసులతో సహా బయటికొచ్చారు. కాసేపటికే ఒక బంతి ఆకాశంలోకి లేచి తిన్నగా నా మీదికి వచ్చింది. నిజంగానే ఎండ కళ్ళలో పడింది. వదిలేశాను.

పెద్దమ్మ పెన్సిల్ మొన నాలుకకి అద్దుకుని, రాసి, అందరికీ వినబడేలా చదివింది: “తప్పు!”

చూశారా మరి! నలభై ఏళ్ళ తర్వాత నాకొక సరికొత్త తప్పు దొరికింది. లోపల ఫైనల్ ఎవరు గెలిచారో ఎవరూ చూడలేదు. నా కొత్త తప్పును కంప్యూటర్‌కి ఎక్కించమందామంటే వెర్న్‌కి తీరిక లేదు. మైదానంలో రెండో బేస్ మీద కూలబడి, పట్టేసిన మోకాలు రుద్దుకుంటూ, వచ్చే శనివారం మ్యాచ్ ఎన్నింటికని అందరినీ అడుగుతున్నాడు.