ఎనిమిది కాళ్ల రొట్టె

బోనాల ఆదివారం దగ్గరపడింది. గౌలిపుర గల్లీ అంతా ఇళ్లకు సున్నాలు వేసుకుంటుంటే బాలనర్సింహ ఒక్కడే చంకలో ఉల్లిగడ్డ పెట్టుకుని మంచమెక్కాడు. అట్లా పెట్టుకుంటే జ్వరం వస్తుందన్నది బడి ఎగ్గొట్టే రోజుల్లో నేర్చిన విద్య. జ్వరం రాలేదు గానీ వాసన మాత్రం వంటింటిదాకా వెళ్లింది.

“జరమొచ్చిందా, తాలింపు పెడుతున్నవా?” అంది భార్య కళావతి గడపలో నిలబడి.

“పానం మంచిగలేదే. ఆదివారం నేను ఇంట్లనే ఉంట. నువ్వు బోనమెత్తుకొని పోయిరా.”

“జపాన్‌కెంచి సల్లగ వచ్చింది నువ్వు. నువ్వే లేకుంటే బోనం ఎవరి పేరుమీద ఎత్తాలె?”

అతని ప్రాణం తోడేస్తున్నది ఆ బోనమే. సంగతేమిటంటే, బాలనర్సింహ పనిచేసే సర్కారీ ఫ్యాక్టరీవాళ్లు కొత్త మిషను పని నేర్చుకురమ్మని అతణ్ణి ఆర్నెల్లు జపాన్ పంపారు. విమానమంటే కళావతికి గుండెదడ. మనిషి క్షేమంగా తిరిగొస్తే బోనమెత్తుతాననీ, ఎత్తేదాకా అతను నీసు ముట్టడనీ మహంకాళికి మొక్కింది. ఇతనూ దీపం ముందు నిలబడి తలూపాడు.

అక్కడ దిగాక తెలిసింది, మంచినీళ్లలో తప్ప అన్నింట్లోనూ చేప ఉందని. చారనుకుని తాగిందాంట్లో కూడా ఉంది. తెల్లన్నం తిని తిని మొహం మొత్తింది. రొట్టెమీద టమాటా, చీజు వేసి కాల్చే పిజ్జా అనేది ఒకటుందని ఎవరో చెబితే, సెలవు దొరికినప్పుడల్లా తానున్న నగోయా పట్నం సందులు గాలించాడు. ఒకచోట దానిమీద మొక్కజొన్న గింజలు పోశారు. ఇంకోచోట తియ్యటి తెల్ల సాసు పూశారు. మరోచోటిది అప్పడమంత ఉంది, ఆకలి పెంచడానికే చేసినట్టు.

ఆఖరికి స్టేషను వెనక ఒక ముసలాయన కొట్లో దొరికింది కడుపు నిండే పిజ్జా. దానిమీద తెల్లటి గుండ్రటి ముక్కలు. ఏదో దుంప అనుకున్నాడు. నమిలేకొద్దీ రుచి. ఇదేమిటని సైగ చేస్తే, ముసలాయన లోపల్నించి తొట్టి తెచ్చి చూపించాడు. అందులో ఎనిమిది కాళ్లూ చాపుకుని ఆక్టోపస్ పడుకుని ఉంది.

తెలియక తిన్నది సరే. తెలిశాక కూడా ప్రతి ఆదివారం వెళ్లి తిన్నాడు, అదీ భయం. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ సైకిలు పంక్చరైనా, కడుపులో గుడగుడమన్నా, మహంకాళి తల్లే చేసిందని వణుకుతున్నాడు. దానికి తోడు పక్క సందులో పాలమ్మే ఆగమ్మ ఒకతె. బోనాలనాడు ఆమెకు పూనకం వస్తుంది. ఒంటిమీదికి అమ్మవారు వచ్చాక ఎవరి గుట్టయినా నడిబజార్లో పెడుతుంది. ఎదురింటి గుండయ్య దొంగచాటు పేకాట కిందటేడు అట్లాగే బయటపడింది.

ఉల్లిగడ్డ పనిచేయలేదు కాబట్టి బాలనర్సింహ జపాన్ నుంచి తెచ్చిన మడతగొడుగు పట్టుకుని చీకటి పడ్డాక ఆగమ్మ ఇంటికి వెళ్లాడు.

“గిదెందుకు కొడుకా?”

“ఉత్తగనే అవ్వా. వానలు పడుతున్నయి గద.”

“నా సొంత అల్లుడే ఏం తేలే. నువ్వెందుకు తెచ్చినవ్?”

“ఆదివారం జర నా దిక్కు చూడకు అవ్వా. గంతే.”

మర్నాడు సాయంత్రం కళావతి అడిగింది. “మన గొడుగు ఏడవోయిందయ్యా?”

“ఫ్యాక్టరీల మరిచిపోయిన.”

“గట్లనా,” అని ఊరుకుంది. కళావతి లొల్లి పెడితే బాలనర్సింహకు అలవాటే. ఊరుకుందంటే మాత్రం అన్నం సహించదు.

ఆదివారం డప్పులు మోగాయి. గుండయ్య వీపు వెనక నక్కి నిలబడ్డ మొగుణ్ణి కళావతి రెక్క పట్టి లాగి, చేతికి నీళ్లబిందె ఇచ్చి, అందరికన్నా ముందు నిలబెట్టింది. ఆగమ్మ జుట్టు విరబోసుకుని, వేపకొమ్మలు పట్టుకుని, ఊగుతూ వచ్చింది. వచ్చి సరిగ్గా అతని ముందు ఆగింది. డప్పులు కూడా ఆగాయి.

పూనకం వచ్చినవాళ్లు బిందె ఉన్నవాడి దగ్గరికి కాళ్లమీద నీళ్లు పోయించుకోవడానికి వస్తారు. గల్లీలో పాలుతాగే పిల్లలకు కూడా తెలిసిన సంగతి అది. భయంలో బాలనర్సింహకు తన పేరే గుర్తులేదు. బిందెతో సహా మోకాళ్లమీద కూలబడ్డాడు.

“తల్లీ, తెల్వక తిన్న. తెలిసినంక గూడ తిన్న. ఆదివారమాదివారం తిన్న. దానికి ఎనిమిది కాళ్లున్నయి తల్లీ, నేను అన్నీ తినలే, రెండు విడిచిపెట్టిన.”

ఆగమ్మ ఒక కన్ను తెరిచింది. “నీళ్లు పొయ్యరా కొడుకా, కాళ్లు కాలుతున్నయి.”

గల్లీ గల్లీ అంతా ఘొల్లుమంది. డప్పులవాళ్లు నవ్వలేక డప్పులు కింద పెట్టారు.

ఇంటికొచ్చాక అతనే మెల్లగా కదిపాడు. “తల్లి మాఫ్ చేసిందే. నీళ్లు పోయించుకుంది గద.”

“గొడుగు ఆగమ్మ చేతిల చూసిననాడే ఏందో చేసినవని సమజైంది. ఏం చేసినవో నీ నోటనే రావాలని బిందె ఇచ్చిన,” అంది కళావతి. తర్వాత ఆమె గొంతు తగ్గింది. “విమానం సప్పుడు ఇనబడితే చాలు, నాకు ముద్ద దిగకపోయేది. నీతోటి నేను గూడ నీసు ముట్టలే. ఒక్కనాడు గూడ ముట్టలే.”

బాలనర్సింహకు నిజంగా సిగ్గేసింది.

సోమవారం గల్లీలో ఏ ఇంట చూసినా మటన్ ఉడుకుతోంది. బాలనర్సింహ అందరికన్నా ముందు కంచం పెట్టుకుని కూర్చున్నాడు. అందులో పప్పు పడింది.

“కూర మరిచినవా?”

“మొక్కు తప్పినవ్ గద. మల్ల మొదటికెంచి ఆర్నెల్లు.”

“నేను సల్లగ వచ్చి ఇంట్లనే ఉన్న గదనే. ఇగ భయమెందుకు?”

“నాకు భయం లేదు. ఇగ నువ్వు భయపడు,” అని కళావతి మటన్ కూరలోంచి మూలుగ నిండిన నల్లిబొక్క తన కంచంలో వేసుకుని, ఆర్నెల్ల ఆకలీ తీరేట్టు జుర్రుకుంది.