నల్లా కింద మూడో జాతి

మీ గల్లీలో నీళ్ల పైపు పగిలిందా? శుభాకాంక్షలు! దయచేసి బాగుచేయమని ఎవరినీ అడగకండి. పగిలిన పైపును మించిన వరం పట్టణంలో బతికేవాడికి మరొకటి లేదు. నమ్మకం కుదరకపోతే జహీరాబాద్ రండి. కోహీర్ పోయే దారిలో, ఊరు అయిపోతుందనగా ఒక గల్లీ ఉంది. దాని మొదట్లో పైపు పగిలి రెండేళ్లయింది. దాని చివర ఎంకమ్మ ఇల్లుంది.

ఎంకమ్మ అల్లం మండీలో కూలి. విత్తనపు అల్లం ముక్కలు చేసి, కుళ్లినవి ఏరి పారేసి, మొలకొచ్చినవి వేరు పెట్టడం ఆమె పని. పైపు పగిలిన నాటి నుంచి ఆమె నల్లాలో గాలి తప్ప ఇంకేమీ రాదు. ఆ గాలి కూడా ఈల వేసుకుంటూ వస్తుంది. ఇంట్లో ఉచితంగా సంగీతం ఎంతమందికి దొరుకుతుంది చెప్పండి?

ఈ భాగ్యం అర్థంకాక ఆమె ఎనిమిది అర్జీలు పెట్టింది. ఎనిమిదింటికీ ఆధార్ జిరాక్సు జతచేసింది. నీళ్ల ఆఫీసు ఎనిమిదిసార్లూ ఒకటే మాట చెప్పింది: పగిలినచోటును తప్పించి పక్కనుంచి కొత్త పైపు వేయాలి, అందుకు అనుమతి రావాలి. ఎంకమ్మ రసీదులన్నీ తీగకు గుచ్చి నల్లా పైన గోడకు వేలాడదీసింది.

అయినా ఆమెకు వచ్చిన కష్టమేమిటి? రెండేళ్ల ఊటకు లీకు దగ్గర చిన్న జాలు తయారైంది, కాలు పెడితే చీలమండ దాకా దిగే బురద. పొద్దున్నే అక్కడ రాయి మీద కూర్చుని చెంబుతో ముంచుకుని బిందె నింపుకునేది. నీళ్లకు నీళ్లు, నడుముకు వ్యాయామం!

ఈ శ్రావణంలో ఆ జాలులో పూలు పూశాయి. మోకాలెత్తు కాడలు, కాడకు పది పన్నెండు తెల్లటి పూలు. ఎంకమ్మ వాటిని తొక్కకుండా నీళ్లు ముంచుకోవడం నేర్చుకుంది. కాలేజీలో బాటనీ చెప్పే ప్రేమ్‌సాగర్ సారు అటుగా బండి మీద పోతూ వాటిని చూశాడు. చూసినవాడు బ్రేకు సంగతి మరిచి నేరుగా బురదలోకి పోయాడు. పడినచోటి నుంచే ఫోటో తీశాడు. అవి జాలు నేలల్లో పెరిగే అడవి ఆర్కిడ్లట!

ఎనిమిది అర్జీలకు కదలని జీపులు ఒక్క ఫోటోకు కదిలాయి. వారం తిరగకుండానే కమిటీ దిగింది. హైదరాబాద్ నుంచి భూతద్దం, స్కేలు పట్టుకుని ఉమైరా అనే పరిశోధకురాలు వచ్చింది. ఇక్కడున్నది ఒక జాతి కాదు, దగ్గరి చుట్టాలైన రెండు జాతులంది. పువ్వు వెనక సన్నటి తోకలాంటి గొట్టం ఉంటుంది. అది పొడుగైతే ఒక జాతి, పొట్టిదైతే ఇంకో జాతి. ప్రేమ్‌సాగర్ సారు ఒప్పుకోలేదు, అన్నీ పొడుగే అన్నాడు. తేడా మూడు మిల్లీమీటర్లు. లారీ పోయినప్పుడల్లా పూలు ఊగేవి. ఊగినప్పుడల్లా సారు లెక్క మారేది.

ఎంకమ్మకు పూల తేడా పెద్దగా పట్టలేదు గాని, వచ్చినవాళ్ల తేడా రెండు రోజుల్లో తెలిసిపోయింది. జీపు దిగకుండా అద్దం మాత్రం దించేది ఒక జాతి. దిగి, బూట్లు తడవకుండా ఆమె రాయి మీద నిలబడేది దాని చుట్టం. ఫోటో తీస్తున్నంతసేపే కనిపించి వాడిపోయేది మూడోది. ఇందుకు భూతద్దం కూడా అక్కర్లేకపోయింది!

చివరికి కమిటీ తీర్మానించింది. జాతి తేలేదాకా జాలు ఆరకూడదు, కాబట్టి లీకును ఎవరూ ముట్టుకోరాదు. చుట్టూ కంచె వేశారు. లోపల అడుగు పెట్టరాదని బోర్డు పాతారు. వాల్వు తిప్పే నర్సింలు రెండేళ్లుగా ఎవరికీ దొరికినవాడు కాదు. ఇప్పుడు లీకు సరిగ్గా కారుతోందో లేదో రోజూ చూసి సంతకం పెట్టే డ్యూటీ అతనికి పడింది.

మర్నాడు ఖాళీ బిందెతో కంచె బయట నిలబడ్డ ఎంకమ్మకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఉన్న ఒక్క చెంబెడు ఆసరా కూడా పోయింది.

"పువ్వులకు దప్పికైతదని మీకు ఎర్కనే గదా నర్సింలూ. నాకు గూడ అయితది" అంది.

నర్సింలు బోర్డు వైపు చూపించాడు. అదేమిటో తనకూ అర్థం కాలేదనీ, పేరు తేలనిదానికే ఎక్కువ కాపలా ఉంటుందని సారు చెప్పాడనీ అన్నాడు.

ఆ ముక్క ఎంకమ్మ మండీ దాకా మోసుకుపోయింది. సాయంత్రం కొంగున ముడేసుకుని మంచి మొలకొచ్చిన అల్లం ముక్క ఒకటి తెచ్చి నల్లా కింద పాతింది. పదిహేను రోజులకు మూడు పిలకలు లేచాయి. అప్పుడు పోయి ప్రేమ్‌సాగర్ సారును పట్టుకుంది.

"సారూ, గసొంటిదే ఇంకోటి మా నల్లా కింద మొలిచింది. జర వచ్చి చూడున్రి."

సారు పరుగున వచ్చి మోకాళ్ల మీద కూలబడ్డాడు. అదే ఆకు, అదే పచ్చదనం, కాని ఎండు నేల! ఇది మూడో జాతి అన్నాడు. అల్లం పండే ఊళ్లో అల్లం గుర్తుపట్టలేడా అని అడగకండి. ఆయన అల్లాన్ని ఎప్పుడూ చాయ్‌లోనే కలుసుకున్నాడు. పువ్వు చూస్తే గాని తేల్చలేమనీ, మరి ఎందుకు పూయడం లేదనీ ఆయన తల పట్టుకున్నాడు.

"నీళ్లు లేక సారూ" అంది ఎంకమ్మ.

రెండేళ్లు రాని అనుమతి రెండు రోజుల్లో వచ్చింది. జాలును తప్పించి పక్కనుంచి కొత్త పైపు పడింది. నల్లా ఈల మానేసి నీళ్లు పోసింది. ఎంకమ్మ ఆ రోజు తలస్నానం చేసింది, కారణమేమీ లేకుండా.

నీళ్లొచ్చిన మూడో రోజు ఉమైరా వచ్చింది. ఆ పిల్ల కూర్చుని ఆకు చివర చిదిమి వేళ్లు వాసన చూసింది. తలెత్తి తీగకు వేలాడుతున్న ఎనిమిది రసీదులనూ చదివింది, తొందరపడకుండా.

"ఇది ఎప్పుడు పూస్తదమ్మా?" అని అడిగింది.

"మండీల చేరి పదిహేనేండ్లాయె బిడ్డా. దీని పువ్వు నేనైతే ఇంతదనుక చూడలే."

ఉమైరా పుస్తకం తీసి రాసుకుంది: జాతి ఇంకా తేలలేదు. పూసేదాకా రోజూ నీళ్లు పెట్టాలి.

ఇప్పుడు చెప్పండి, పైపు పగలడం వరం కాదా? ఎంకమ్మకు పేరుంది, ఇంటి నంబరుంది, పన్నెండంకెల ఆధారుంది. ఆమె ఎవరో ఆఫీసుకు బాగా తెలుసు, అందుకే నీళ్లు రాలేదు. మీరూ అర్జీలు మానేసి, ఎవరికీ తెలియని ఆకు ఏదైనా చూసుకోండి. ఆ గల్లీలో ఇప్పుడు పద్నాలుగు నల్లాల కింద పద్నాలుగు మొక్కలున్నాయి. మూడో జాతి వేగంగా విస్తరిస్తోందని కమిటీ సంతోషం ప్రకటించింది.

మొన్న ప్రేమ్‌సాగర్ సారు పూసిందేమో చూసిపోదామని వచ్చాడు. ఎంకమ్మ పీట వేసి చాయ్ ఇచ్చింది. రెండు గుక్కలు తాగి, ఘాటు భలే ఉందన్నాడు.